పెంచిన ఆయమ్మను ముప్పై రెండేళ్ల తర్వాత చూడటానికి వెళ్లాలా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. చిన్నప్పుడు అమ్మ, నాన్న ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు. అమ్మకు షిఫ్టులు. నాకు ఎనిమిదో నెల నుంచి తొమ్మిదేళ్లు వచ్చేదాకా పొద్దుట్నుంచి రాత్రి దాకా నన్ను చూసుకున్నది ఆయమ్మ. ఆమె అసలు పేరు మొన్నమొన్నటి దాకా నాకు తెలియదు. నాన్న ఉద్యోగం పోయిన రెండేళ్లూ ఇంట్లో రోజూ గొడవలే. లోపల గొంతులు పెరగగానే ఆయమ్మ నా చెయ్యి పట్టుకుని బయట మెట్ల మీదికి తీసుకెళ్లేది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి మెట్లు లెక్కపెట్టించేది. పద్దెనిమిది మెట్లు. లోపల చప్పుడు ఆగేదాకా మా లెక్క ఆగేది కాదు.

ఒకరోజు స్కూల్ నుంచి వచ్చేసరికి ఆయమ్మ లేదు. ‘ఇక రాదు, నువ్వు పెద్దవాడివయ్యావుగా’ అన్నారు. అంతే, ఆ తర్వాత ఆమె మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

పోయిన నెల ఉరుములకు మా ఆరేళ్ల పాప భయపడితే, నేను ఏమీ ఆలోచించకుండా దాని రెండు చెవులూ అరచేతులతో మూసి, నుదుటికి నుదురు ఆనించి ‘ఊఁ...’ అని రాగం తీశాను. పాప ఊరుకుంది. ‘ఇది మీకెవరు నేర్పారు?’ అంది మా ఆవిడ. ఆయమ్మ! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పాత పక్కింటావిడను అడిగితే ఆయమ్మ ఎక్కడుందో తెలిసింది. కొడుకు దగ్గర ఉంటోందట. డెబ్బై దాటాయి, ఆరోగ్యం అంతంతమాత్రం. వెళ్లొస్తానని అమ్మతో అంటే అమ్మ ముఖం మారిపోయింది. ‘జీతం ఇచ్చాం కదరా, ఊరికే చేసిందా? నిన్ను కన్నదెవరు, చదివించిందెవరు?’ అని లేచి వెళ్లిపోయింది. వారం రోజులుగా ముక్తసరిగా మాట్లాడుతోంది. నాది అతి అవుతోందా? వెళితే ఏం మాట్లాడాలి? డబ్బు ఇస్తే ఏమనుకుంటుంది? అమ్మకు ఎలా చెప్పాలి?

జవాబు: వెళ్లండి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. డెబ్బై దాటిన మనిషి, ఆరోగ్యం అంతంతమాత్రం అని మీరే రాశారు. అమ్మ సరేననేదాకా ఆగుదాం, మనసు కుదుటపడ్డాక చూద్దాం అనుకుంటే నెలలు ఇట్టే గడిచిపోతాయి. వచ్చే ఆదివారమే బయల్దేరండి. మిగతా సంగతులు నింపాదిగా మాట్లాడుకుందాం.

మీది అతి కాదు. పసివాళ్లకు జీతం తెలియదు, వరసలు తెలియవు. ఏడిస్తే ఎవరు వస్తున్నారు, ఎవరి ఒంటి వాసనకు నిద్ర వస్తోంది, ఎవరి గొంతు వినపడితే భయం పోతోంది, వాళ్లకు తెలిసింది ఇదొక్కటే. ఎనిమిదో నెల అన్నారు. సరిగ్గా ఆ వయసులోనే పిల్లలు కొత్తవాళ్లను చూసి బెదరడం, అలవాటైన మనిషిని వదలకుండా పట్టుకోవడం మొదలవుతుంది. అక్కడి నుంచి తొమ్మిదేళ్ల దాకా ఒకే మనిషి మీ పక్కన ఉంది. ఆ బంధాన్ని చిన్నదిగా చూడటం ఎలా కుదురుతుంది?

పిల్లల మమకారం గురించి ఇవాళ మానసిక వైద్యులు మాట్లాడేదానికి పునాది వేసిన జాన్ బౌల్బీ కథ కూడా కొంచెం మీలాంటిదే. 1907లో లండన్‌లో బాగా ఉన్నవాళ్ల కుటుంబంలో పుట్టారాయన. తల్లి రోజులో కాసేపే కనిపించేది, మిగతా అంతా ఒక ఆయా చూసుకునేది. ఆయనకు నాలుగేళ్లు నిండేలోపే ఆ ఆయా పని మానేసి వెళ్లిపోయింది. అది తల్లిని పోగొట్టుకున్నంత బాధ అని పెద్దయ్యాక ఆయన చెప్పుకున్నారు. తర్వాత ఆయన తన వైద్యజీవితమంతా పెట్టి పట్టుకున్న ప్రశ్న కూడా అదే: తనను చూసుకునే మనిషి హఠాత్తుగా దూరమైతే పిల్లల లోపల ఏం జరుగుతుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం 1951లో ఆయన రాసిన నివేదిక తర్వాత, పిల్లలను ఆస్పత్రుల్లో, అనాథాశ్రమాల్లో చూసుకునే పద్ధతుల గురించి చాలా దేశాలు మళ్లీ ఆలోచించాయి.

మీ విషయంలో ఇంకో సంగతి ఉంది. మీకు తొమ్మిదేళ్లప్పుడు జరిగింది ఒక మనిషి వెళ్లిపోవడం ఒక్కటే కాదు, ఆ వెళ్లిపోవడం గురించి బాధపడటానికి మీకు అనుమతి దొరకకపోవడం కూడా. అమ్మమ్మ చనిపోతే ఇంట్లో అందరూ ఏడుస్తారు, పిల్లవాడినీ ఏడవనిస్తారు. ఆయమ్మ మానేస్తే ‘పెద్దవాడివయ్యావుగా’ అంటారు. పిల్లవాడు కూడా సరేనని తల ఊపి ఆడుకోవడానికి వెళ్లిపోతాడు. ముప్పై రెండేళ్ల తర్వాత మీకు నిద్ర పట్టలేదంటే, ఆ రోజు ఏడవాల్సిన ఏడుపు లోపలే ఉండిపోయిందన్నమాట. దానికి సిగ్గుపడకండి.

ఆ ఉరుముల రాత్రి గురించి కూడా ఒక మాట. మూడేళ్లలోపు జరిగినవి పెద్దయ్యాక చాలామందికి గుర్తుండవు. ఎవరు ఎత్తుకున్నారో, ఎలా జోకొట్టారో కథలా చెప్పలేం. కానీ అలవాటుగా ఒంటికి అబ్బినవి దాచుకునే జ్ఞాపకం వేరేగా ఉంటుంది. సైకిల్ తొక్కడం లాంటివి ఉండేది అందులోనే. మీ అరచేతులకు ఆయమ్మ గుర్తుంది. నుదురు ఆనించి రాగం తీస్తే ఆ శబ్దం ఎముక గుండా నేరుగా లోపలి చెవికి చేరుతుంది, చెవులు మూసి ఉన్నా వినపడుతుంది. బయటి ఉరుము తగ్గి, తనవాళ్ల గొంతు ఒక్కటే లోపల నిండుతుంది. ఆయమ్మకు ఎముకల సంగతి ఎవరూ చెప్పి ఉండరు. భయపడుతున్న బిడ్డను పట్టుకుని ఏది పనిచేస్తుందో తనంతట తాను కనిపెట్టుకుంది. ఇప్పుడు మీ పాపకు అది చేరింది.

ఇక ‘జీతం ఇచ్చాం కదా’ అన్న మాట. దీని దగ్గర కాసేపు ఆగాలి.

జీతం ఇవ్వడం నిజమే, ఇవ్వాల్సిందే కూడా. జీతంతో ఆమె సమయాన్ని కొన్నారు. బిడ్డకు వేళకు తిండి పెట్టడం, స్నానం చేయించడం, స్కూల్‌కు పంపడం, ఇవన్నీ ఆ జీతంలోకి వస్తాయి. మెట్లు లెక్కపెట్టించడం ఏ లెక్కలోకి వస్తుంది? లోపల గొడవ జరుగుతుంటే ఆమె తలుపు వేసుకుని వంటింట్లో తన పని తాను చేసుకోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. ఆమె అలా చేయలేదు. మీ చెయ్యి పట్టుకుంది.

అలాగని రెండో వైపుకు కూడా జారిపోకండి. ‘డబ్బు కోసం చేయలేదు, ప్రేమతోనే చేసింది’ అని చాలామంది మంచి మనసుతోనే అంటారు. నాకు ఆ మాట నచ్చదు. ఆమె డబ్బు కోసమే వచ్చింది. తన ఇల్లు గడవాలి కాబట్టి, తన పిల్లలను ఎవరి దగ్గరో వదిలి మీ ఇంటికి వచ్చింది. ప్రేమ ఉంది కాబట్టి జీతం మాట ఎత్తకూడదనడం ఆమె కష్టాన్ని కనపడకుండా చేయడమే. జీతమూ నిజమే, ప్రేమా నిజమే. ఒకటి ఉంటే రెండోది అబద్ధం కానక్కర్లేదు. టీచర్లు, నర్సులు కూడా జీతాలే తీసుకుంటారు, అయినా మన జీవితాన్ని మలుపు తిప్పిన టీచర్ గురించి చెప్పేటప్పుడు జీతం తీసుకున్నారుగా అని ఎవరూ అనరు. ఆయమ్మ విషయంలోనే ఎందుకంటాం? ఆ పనిని మనం పనిగా గౌరవించలేదు కాబట్టి. మీరు ఆమె పేరు తెలియకుండానే పెరిగారంటే కారణం అదే. అది మీ తప్పు కాదు, మీరు చిన్నవాళ్లు. కానీ ఇప్పుడు పేరు తెలిసింది కదా, వెళ్లేముందు మీ పాపకు ఆ పేరు నేర్పండి.

ఇంట్లో పాత ఆల్బమ్ ఉంటే ఒకసారి తీసి చూడండి. ఆయాలు ఫోటోల్లో సాధారణంగా కనిపించరు. కనిపిస్తే ఒక అంచున కొంగు ఉంటుంది, లేదా కదలకుండా బిడ్డను పట్టుకున్న చెయ్యి ఉంటుంది, ముఖం ఉండదు. అలాంటి ఫోటో ఒక్కటి దొరికినా చాలు, దాన్ని పెద్దది చేయించి తీసుకెళ్లండి. చెయ్యి ఒక్కటే ఉన్నా సరే. తన చెయ్యి తను గుర్తుపడుతుంది.

విన్‌స్టన్ చర్చిల్ రాజకీయాల మీద నాకు మంచి అభిప్రాయం లేదు. కానీ ఒక విషయంలో ఆ మనిషిని తలుచుకుంటాను. ఆయన్ను పసితనం నుంచి పెంచింది ఎలిజబెత్ ఎవరెస్ట్ అనే ఆయా. 1893లో, ఇక అవసరం లేదని ఇంటివాళ్లు ఆమెను మాన్పించారు. ఇన్నేళ్లు చేసిన మనిషిని ఇలా పంపిస్తారా అని ఆయన తల్లికి గట్టిగానే ఉత్తరం రాశాడు. రెండేళ్లకు, 1895 జూలైలో ఆమె జబ్బుపడి చనిపోయింది. చివరి ఘడియల్లో ఆయన ఆమె పక్కనే ఉన్నాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు. తమ్ముడితో కలిసి ఆమె సమాధికి రాయి పెట్టించాడు. ఇరవై ఏళ్ల కుర్రవాడు వెళ్లాడు కాబట్టి ఆమెను ప్రాణంతో చూడగలిగాడు. మీకూ ఆ వీలు ఇంకా ఉంది.

ఇప్పుడు అమ్మ సంగతి. నిజానికి మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపింది ఆమే.

అమ్మది అసూయ అని మీరు అనుకుంటున్నట్టున్నారు. నాకలా అనిపించలేదు. మీరు ‘ఆయమ్మ దగ్గరికి వెళ్తాను’ అన్నారు. ఆమెకు వినపడింది వేరు: ‘నువ్వు లేవు’ అని వినపడింది. ఆ రెండేళ్లు భర్త ఉద్యోగం పోయి, ఇంటి బరువంతా ఆమె మీద పడి, షిఫ్టులు చేసి, వచ్చాక గొడవలు పడి, పక్కగదిలో బిడ్డ ఉన్నాడని తెలిసీ గొంతు తగ్గించుకోలేకపోయిన రోజులు ఆమెకు గుర్తులేవనుకుంటున్నారా? మీకు మెట్లు గుర్తున్నాయి. ఆమెకు, తలుపు తెరిచి చూసేసరికి కొడుకు ఆయమ్మ చెయ్యి పట్టుకుని మెట్ల మీద ఉండటం గుర్తుండి ఉంటుంది. ఆ తలుపు దగ్గర నిలబడ్డ తల్లికి ఎలా ఉంటుందో ఒక్క నిమిషం ఆలోచించండి. కొడుకు తన మీద తీర్పు చెబుతున్నాడేమోనన్న భయం ఆమెది. ‘జీతం ఇచ్చాం కదరా’ అన్నది ఆ భయమే. పైగా ఆ జీతం సంపాదించింది కూడా ఆమే కదా. బిడ్డను వదిలి వెళ్లి సంపాదించిన డబ్బులోంచి, ఆ బిడ్డను చూసుకునే మనిషికి ఇచ్చింది.

అమ్మకు ధైర్యం ఇచ్చే సంగతి ఒకటి మీరు తెలుసుకోవాలి. 1964లో రుడాల్ఫ్ షాఫర్, పెగ్గీ ఎమర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. గ్లాస్గో నగరంలో 60 మంది పసిపిల్లలు ఎవరికి ఎలా అలవాటవుతున్నారో నెల నెలా వాళ్ల ఇళ్లకు వెళ్లి గమనించారు. ఏడాదిన్నర వచ్చేసరికి ఎక్కువమంది పిల్లలకు ఒక్కరు కాదు, ఇద్దరు ముగ్గురు దగ్గరివాళ్లున్నారు. ఇంకో విషయం, ఎవరు ఎక్కువ గంటలు పక్కనున్నారన్నదాన్ని బట్టి బంధం బలపడలేదు. బిడ్డ పిలుపుకు ఎవరు బాగా పలుకుతున్నారన్నదాన్ని బట్టి బలపడింది. అంటే రోజంతా ఉద్యోగంలో ఉండి, రాత్రి వచ్చి ఒక్క గంట బిడ్డతో మనసు పెట్టి గడిపిన తల్లి కూడా ఆ బిడ్డకు తల్లిగానే ఉంటుంది. ఆయమ్మకు చోటు దొరికింది కాబట్టి అమ్మ చోటు తగ్గలేదు.

ఈ అధ్యయనం అమ్మకు చదివి వినిపించమని కాదు. వాదించి గెలిచే విషయం కాదిది. మీరు చేయాల్సింది వేరే ఉంది. ఆయమ్మ ఊసు లేకుండా, అమ్మ మీకు ఇచ్చినవి ఏమిటో ఒకరోజు కూర్చుని ఆమెకే చెప్పండి. ‘నువ్వు నాకు చాలా చేశావమ్మా’ అంటే పనికిరాదు, అది మొహమాటానికి అనే మాటలా ఉంటుంది. ఒక్క సంఘటన చెప్పండి. షిఫ్ట్ నుంచి వచ్చి నిద్రపోకుండా మీ హోంవర్క్ చూసిన రాత్రి ఉండే ఉంటుంది. జ్వరం వస్తే సెలవు పెట్టిన రోజు ఉంటుంది. మీకు మాత్రమే తెలిసినది, ఆమె మర్చిపోయిందని మీరు అనుకుంటున్నది ఏదో ఒకటి ఉంటుంది. అది చెప్పి, ఆ తర్వాత ఇంకో రోజు, ‘ఆ రోజుల్లో నువ్వు ఎంత కష్టపడ్డావో నాకిప్పుడు తెలుస్తోంది, నేనూ ఒక బిడ్డకు తండ్రినే. నీకు తోడుగా ఆయమ్మ ఉంది కాబట్టి మనం ఆ రెండేళ్లు గట్టెక్కాం. నీ తరఫున కూడా చూసొస్తాను’ అనండి. ‘నాకు తోడుగా’ అనకండి, ‘నీకు తోడుగా’ అనండి. అది అబద్ధం కాదు. ఆయమ్మ లేకపోతే అమ్మ ఆ ఉద్యోగం చేయగలిగేదా? ఆయమ్మ మిమ్మల్నే కాదు, మీ అమ్మనూ ఆదుకుంది.

ఒకవేళ అప్పటికీ అమ్మ ముభావంగానే ఉంటే, ఉండనివ్వండి. కోపం తెచ్చుకోవద్దు, దాచిపెట్టి వెళ్లొద్దు. చెప్పి వెళ్లండి, వచ్చాక అడిగితే చెప్పండి, అడగకపోతే ఊరుకోండి. కొందరికి ఇలాంటివి మింగుడుపడటానికి సమయం పడుతుంది. తనూ వస్తానంటే మాత్రం మొదటిసారి వద్దని నా సలహా. ఇద్దరు పెద్దవాళ్ల మధ్య పాత లెక్కలు ఏమున్నాయో మీకు తెలియదు. మీ ఎదుట వాటిని విప్పుకోవాల్సిన టెన్షన్ ఇద్దరికీ వద్దు.

ఈ సందర్భంలో ఫ్రెంచ్ రచయిత అల్బేర్ కామూ రాసిన ఒక ఉత్తరం గుర్తొస్తుంది. ఆయన అల్జీరియాలో పుట్టాడు. ఏడాది నిండకముందే, 1914లో, తండ్రి యుద్ధంలో చనిపోయాడు. తల్లికి చదువు రాదు, సరిగా వినపడదు, ఇళ్లల్లో పనిచేసి పిల్లలను సాకింది. అమ్మమ్మ, పిల్లవాడు త్వరగా ఏదో ఒక పనిలో చేరితే చాలనుకుంది. అప్పుడు లూయీ జెర్మేన్ అనే బడిపంతులు ఆ ఇంటికి వచ్చి అమ్మమ్మను ఒప్పించాడు, స్కాలర్‌షిప్ పరీక్షకు డబ్బు తీసుకోకుండా పాఠాలు చెప్పాడు. 1957లో కామూకు సాహిత్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సందడి కాస్త తగ్గాక, నవంబర్ 19న, ఆ పంతులుగారికి ఉత్తరం రాశాడు. వార్త తెలియగానే నాకు మొదట మా అమ్మ, ఆ తర్వాత మీరు గుర్తొచ్చారు అన్నది అందులో సారాంశం. ఎంత తేలిగ్గా చెప్పాడో చూడండి. అమ్మ చోటు అమ్మదే, పంతులుగారి చోటు పంతులుగారిదే. ఇద్దరినీ ఒకే వాక్యంలో కూర్చోబెట్టాడు. మీరూ అలాగే చెప్పొచ్చు.

ఏం మాట్లాడాలని అడిగారు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఏదో పెద్ద ప్రసంగం చేయాలేమో, ఎదుటివాళ్లకు ఇబ్బందిగా ఉంటుందేమో అని. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు పరిశోధకులు దీన్నే పరీక్షించి 2018లో ప్రచురించారు. తమకు మేలు చేసినవాళ్లకు కృతజ్ఞతగా ఉత్తరం రాయమని కొందరిని అడిగారు. అందుకున్నవాళ్లు ఎంత సంతోషిస్తారో, ఎంత ఇబ్బంది పడతారో ముందే అంచనా వేయమన్నారు. ఆ తర్వాత అందుకున్నవాళ్లనే అడిగి చూస్తే, రాసినవాళ్లు అనుకున్నంత ఇబ్బంది వాళ్లు పడనేలేదు. సంతోషం మాత్రం అనుకున్నదానికంటే ఎక్కువే. రాసినవాళ్లు మాటలు సరిగ్గా కుదిరాయా లేదా అని బెంగపడితే, అందుకున్నవాళ్లు చూసింది అందులోని ఆప్యాయతను.

కాబట్టి మాటలు వెతుక్కోకండి. మెట్ల సంగతి చెప్పండి. పద్దెనిమిది అని అంకెతో సహా చెప్పండి. ఉరుముల సంగతి చెప్పండి, వీలైతే పాపను పక్కన కూర్చోబెట్టుకుని, ఆయమ్మ నుదుటికి నుదురు ఆనించి ఎలా చేశారో చేసి చూపించండి. ‘నాకు నువ్వు చేసినట్టే దీనికి నేను చేశాను’ అనండి. అంతకంటే ఏం కావాలి?

తర్వాత మీరు అడగండి. మీకు గుర్తులేని మొదటి మూడేళ్లకు సాక్షి ఆమే. మీరు మొదటి అడుగు ఎప్పుడు వేశారో, దేనికి మొండికేసేవారో, ఏ రాగానికి నిద్రపోయేవారో మీ అమ్మ కంటే ఆమెకు ఎక్కువ తెలిసి ఉండొచ్చు. ‘నేనెలా ఉండేవాణ్ని?’ అని అడిగితే, కృతజ్ఞతలు విని మొహమాటపడే పెద్దమనిషి కూడా నోరు విప్పుతుంది. ఫోన్‌లో రికార్డ్ చేసుకోవచ్చా అని అడిగి, సరేనంటే రికార్డ్ చేసుకోండి.

‘నువ్వు’ అనాలా, ‘మీరు’ అనాలా అని మీరు అడగలేదు కానీ గుమ్మం దగ్గరికి వెళ్లగానే తడబడతారు. పనికి వచ్చిన మనిషిని నువ్వనడం వేరు, అమ్మను నువ్వనడం వేరు. తొమ్మిదేళ్లప్పుడు మీరన్నది రెండో నువ్వు. అది నోటికి వస్తే అలాగే పిలవండి, ఆయమ్మా అనే పిలవండి. ఉన్నట్టుండి మీరు అంటే ఆమెకు పరాయిగా ఉంటుంది. మీ ఆవిడ మాత్రం మీరు అనే మాట్లాడితే బాగుంటుంది, పాప నానమ్మా అని పిలిస్తే బాగుంటుంది.

ఒక్క విషయానికి మాత్రం సిద్ధపడి వెళ్లండి. ఆమెకు మీరు గుర్తుండకపోవచ్చు. నా సంగతి చెబుతాను. మూడో తరగతిలో నాకు నత్తి ఉండేది. చదవమంటే అందరూ నవ్వేవాళ్లు. మా టీచర్ నన్ను తన కుర్చీ పక్కన నిలబెట్టుకుని, నాతో కలిసి తనూ అదే వాక్యం గొంతు కలిపి చదివేవారు. రెండు గొంతులు కలిస్తే నత్తి ఆగిపోయేది. రెండు నెలలు రోజూ అలా చదివించి, ఒకరోజు మధ్యలో తన గొంతు ఆపేశారు. నేను ఆగకుండా చదివాను. ఆ వాక్యం నాకిప్పటికీ గుర్తుంది. ముప్పై ఏళ్ల తర్వాత వెతుక్కుంటూ వెళ్లి ఇదంతా చెబితే ఆమె చాలాసేపు నా ముఖం చూసి, ‘గుర్తు రావట్లేదు తల్లీ’ అన్నారు. నాకు మనసు చివుక్కుమంది. ఇంటికి వచ్చేటప్పుడు దారంతా ఏడ్చాను. తర్వాత ఆమె కూతురు ఫోన్ చేశారు. నేను వెళ్లాక టీచర్ ఆ రోజంతా, ‘గొంతు కలిపి చదివించేదాన్ని, అవును, అలా చాలామందికి చేసేదాన్ని’ అంటూ ఉన్నారట. నేను గుర్తు రాలేదు. తను ఎలాంటి టీచరో తనకు గుర్తొచ్చింది. నేను వెళ్లినందుకు ఆమెకు దక్కింది అది, చిన్నదేమీ కాదు. మీ ఆయమ్మ మిమ్మల్ని పోల్చుకోకపోతే బలవంతంగా గుర్తు చేయించకండి. ‘గుర్తులేదా? గుర్తులేదా?’ అని అడిగితే వాళ్లకు భయం వేస్తుంది. మెట్ల కథ చెబుతూ పోండి, వింటుంది.

డబ్బు గురించి సూటిగా చెబుతాను. మొదటిసారి వెళ్లినప్పుడు లేచేముందు కవరు చేతిలో పెట్టకండి. మీ ఉద్దేశం ఎంత మంచిదైనా, పాత బాకీ తీర్చి చేతులు దులుపుకున్నట్టు ఉంటుంది. అవసరం ఉంటే మాత్రం డబ్బు తప్పకుండా ఇవ్వాలి, మొహమాటంతో మానేయకండి. ఆమె కొడుకుతో పక్కకు వెళ్లి, మందులు, పరీక్షలు, కంటి ఆపరేషన్, చెవి మిషన్ లాంటివి ఏమైనా ఆగిపోయి ఉన్నాయా అని అడగండి. ఉంటే వాటి ఖర్చు మీరు పెట్టుకోండి. నెలనెలా పంపాలనిపిస్తే మీ ఇంటి ఖర్చులు చూసుకుని, మీ ఆవిడతో మాట్లాడి, చివరిదాకా ఆపకుండా పంపగలిగినంతే మొదలుపెట్టండి. ఆ రోజు కళ్లనీళ్ల మధ్య ‘ఇక నీ బాధ్యతంతా నాది’ లాంటి మాట ఇవ్వొద్దు. ఒకసారి చెప్పకుండా ఆగిపోయిన బంధం ఇది, రెండోసారి అలా కాకూడదు.

ఆ కొడుకు గురించి కూడా ఆలోచించి వెళ్లండి. మీ వయసువాడే కావచ్చు. ఆయమ్మ మీతో మెట్లు లెక్కపెడుతున్న సాయంత్రాల్లో అతను ఎవరితో ఉన్నాడు? మీరు అమ్మలా చూసుకుంది అని మురిసిపోతుంటే అతనికి లోపల ఏమనిపిస్తుందో చెప్పలేం. చిన్నప్పుడు అతనికి దక్కాల్సిన సమయంలో కొంత మీకు వచ్చింది. క్షమాపణ చెప్పనక్కర్లేదు, ఎందుకంటే అది మీరు తీసుకున్నది కాదు. కానీ ‘మీ అమ్మ మా ఇంట్లో ఉన్న గంటలన్నీ మీకు దూరమైనవే, నాకు తెలుసు’ అని ఒక్క మాట అతనితో అనండి. అతను ముభావంగా ఉంటే తప్పు పట్టకండి.

ఇంట్లో అంత గొడవల మధ్య పెరిగి కూడా మీరు ఇలా కుదురుగా ఉన్నారంటే, దానికి కారణాలు వెతికినవాళ్లున్నారు. ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వవేత్త, హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మందిని పసితనం నుంచి నడివయసు దాకా తన బృందంతో గమనిస్తూ వచ్చారు. వాళ్లలో దాదాపు మూడోవంతు మంది పేదరికం, ఇంట్లో కలహాలు, తల్లిదండ్రుల జబ్బుల మధ్య పెరిగినవాళ్లు. ఆ మూడోవంతులో మళ్లీ మూడోవంతు మంది చక్కగా, నిబ్బరంగా ఎదిగారు. ఎలా అని చూస్తే, చాలామంది జీవితాల్లో తమను నమ్మిన, తమ వెంట నిలిచిన ఒక మనిషి ఉన్నారు. అమ్మమ్మో తాతయ్యో కావచ్చు, పక్కింటివాళ్లు కావచ్చు, టీచర్ కావచ్చు. మీకు ఆ మనిషి ఆయమ్మ. ఆమెకు ఈ లెక్కలన్నీ చెప్పక్కర్లేదు. ‘నువ్వు లేకపోతే నేనింకోలా అయ్యేవాణ్ని’ అంటే అర్థమవుతుంది.

చివరగా, ఆ రోజు ఎందుకు మానేసిందన్న ప్రశ్న. మీరు రాయలేదు కానీ అది మీ గొంతులో ఉందని నాకు తెలుసు. అడగొద్దు. తనంతట తాను చెబితే వినండి. డబ్బు సరిపోక మాన్పించి ఉండొచ్చు, మాటామాటా వచ్చి ఉండొచ్చు, ఆమె ఇంట్లోనే ఏదో అవసరం పడి ఉండొచ్చు. విన్నది ఏదైనా తీసుకొచ్చి అమ్మ ముందు పెట్టి నిలదీయకండి. ‘నాకు చెప్పకుండా వెళ్లిపోయావు’ అని మాత్రం మీకు అనాలనిపిస్తే అనండి. నిష్ఠూరంగా కాదు, తొమ్మిదేళ్ల పిల్లవాడిలా అనండి. ఆమె కూడా ఇన్నేళ్లూ ఆ మాట కోసం ఎదురుచూసి ఉండొచ్చు.

మీ పాపను చూసుకోవడానికి ఎవరైనా వస్తుంటే, రేపు వాళ్లు మానేసే రోజున పాపతో ముందే చెప్పండి. ఇద్దరినీ కూర్చోబెట్టి వీడ్కోలు చెప్పుకోనివ్వండి. ఏడిస్తే ఏడవనివ్వండి.

ఆదివారం ఆయమ్మ దగ్గర నుంచి లేచేటప్పుడు, ఆమె నిద్రపోతోందని మెల్లగా జారుకోకండి. మెలకువగా ఉన్నప్పుడే ‘వెళ్లొస్తాను ఆయమ్మా’ అని చెప్పి లేవండి. మళ్లీ ఏ రోజు వస్తారో తేదీతో సహా చెప్పండి. ఆ తేదీకి వెళ్లండి.